కోడూరు వీధుల్లో నలభై రోజులు

1997 జూన్‌లో నన్ను గుడివాడ నుంచి దివిసీమలోని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా బదిలీ చేశారు. క్లుప్తంగా ఏపీపీ అంటారు. చాలామంది ఈ ఉద్యోగిని దెబ్బలు తిన్నవాడి వకీలు అనుకుంటారు. కాదు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడిపేవాడు ఏపీపీ. ఫిర్యాది అతనికి సాక్షి మాత్రమే, క్లయింటు కాదు. సాక్షికి ఇష్టమున్నా లేకపోయినా అతను చూడవలసింది నేరం రుజువైందా లేదా అన్నదే. ఈ తేడాను నేను అప్పట్లో కాస్త ఎక్కువగానే ఒంటబట్టించుకున్నాను. ముప్పై అయిదేళ్ల వయసు, ఆరేళ్ల సర్వీసు, నా అంత చట్టం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక చేపలమ్మే ఆవిడ ఒక్క పూటలో సరిచేసింది.

ఆ కోర్టుకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం కొట్లాటలే. పొలం గట్టు దగ్గర, రొయ్యల చెరువు దగ్గర, కాలువ నీటి వంతు దగ్గర జనం కొట్టుకునేవారు. అలాంటి కేసుల్లో మా వాదనంతా గాయం ఏ కోవకు వస్తుందన్న దాని మీదే నడుస్తుంది. అప్పటి శిక్షాస్మృతిలో గాయాలు రెండు రకాలు. ఒకటి మామూలు గాయం, రెండోది తీవ్ర గాయం. ఏది తీవ్రమో మూడు వందల ఇరవయ్యో సెక్షను ఎనిమిది పద్దులుగా చెప్పేది. కన్ను పోవడం, చెవి వినికిడి పోవడం, ఎముక విరగడం లాంటివి మొదటి ఏడు. వాటిలో ఇమడని గాయాల కోసం పెట్టింది ఎనిమిదోది. దెబ్బ తిన్న మనిషి ఇరవై రోజుల పాటు తన రోజువారీ పని చేసుకోలేకపోతే, ఎముక విరగకపోయినా సరే, అది తీవ్ర గాయమే. దీన్ని మేము ఇరవై రోజుల క్లాజు అనుకునేవాళ్లం.

ఈ తేడా చిన్నది కాదు. ప్రమాదకరమైన ఆయుధంతో మామూలు గాయం చేస్తే సెక్షన్ 324. కోర్టు అనుమతిస్తే రాజీ పడవచ్చు, ముద్దాయి ఇంటికి వెళ్లిపోవచ్చు. అదే ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే సెక్షన్ 326. దానికి రాజీ లేదు. దెబ్బ తిన్నవాళ్లు క్షమించినా చట్టం క్షమించదు. రుజువైతే జైలు తప్పదు.

నేను చెప్పబోయే కేసు 324 కింద వచ్చింది. నేను దాన్ని 326కి ఎక్కించబోయాను.

ఫిర్యాది పేరు నాంచారమ్మ. పాలకాయతిప్ప వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె మనిషి, వయసు యాభైకి అటూ ఇటూ. పొద్దున్నే రేవు దగ్గర చేపలు కొనుక్కుని, బస్సులో కోడూరు వచ్చి, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. ముద్దాయి తిరపతమ్మ, అదే పల్లె, వరసకు కోడలవుతుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్లి నడుము దెబ్బతిని మంచాన పడ్డాడు. ఇద్దరు పిల్లలు. ఇల్లంతా ఆమె గంప మీదే నడిచేది.

చేపలమ్మే ఆడవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వాడుక ఇళ్లు వాళ్లవి. ఒకరు చేపలు పోసే, అంటే వాడుకగా అమ్మే, వీధిలోకి ఇంకొకరు గంపతో అడుగుపెట్టరు. తిరపతమ్మ భర్త పడిపోయాక తన రెండు వీధులూ చాలక, ఒక ఉదయం నాంచారమ్మ వీధిలో గంప దించింది. నాంచారమ్మ వచ్చి చూసింది. మాటా మాటా పెరిగింది. నాంచారమ్మ గంప పట్టుకు లాగింది. తిరపతమ్మ చేపలు కోసే కత్తిపీట ఎత్తి, దాని చెక్క వైపుతో ఆమె కుడి మణికట్టు మీద కొట్టింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు గారు చూసి, వాపు, చర్మం దోక్కుపోవడం, ముట్టుకుంటే నొప్పి అని రాసి, ఎక్స్‌రే కోసం బందరు వెళ్లమన్నారు. కొట్లాట దెబ్బ కనుక పద్ధతి ప్రకారం పోలీసులకు కబురు పంపారు. అలా కేసు పుట్టింది. నాంచారమ్మ బందరు వెళ్లలేదు. పల్లెలో కట్టు కట్టే మనిషి దగ్గర మినప్పిండి, గుడ్డు సొన రాయించుకుని, వెదురు బద్దలు కట్టించుకుంది. ఎక్స్‌రే లేదు కనుక డాక్టరు గారు చివరికి మామూలు గాయం అని సర్టిఫికెట్ ఇచ్చారు.

విచారణ మొదలైన రోజునే ముద్దాయి వకీలు శేషగిరిరావు గారు రాజీ పిటిషను పెట్టారు. ఇద్దరూ వేలిముద్రలు వేసి ఉన్నారు. శేషగిరిరావు గారిది పెద్ద వయసు, నెమ్మదైన మనిషి. ఆడవాళ్ల తగవు, చుట్టరికం ఉన్న మనుషులు, వదిలేద్దామండీ అని నాతో వరండాలోనే అన్నారు. నేను వదలలేదు. అభ్యంతరం చెప్పాను.

దానికి నాకు కారణం ఉంది. గుడివాడలో ఒకసారి, భార్య తల పగలగొట్టిన ఒకడి కేసులో రాజీకి తల ఊపాను. ఆమె ఇష్టపడే సంతకం పెట్టిందని పెద్దమనుషులు చెప్పారు, నేను నమ్మాను. నాలుగు నెలలకు ఆ భార్య పేరుతోనే ఇంకో గాయాల సర్టిఫికెట్ నా బల్ల మీదికి వచ్చింది. అప్పటి నుంచి రాజీ అనే మాట వింటే నాకు మంట. ఇక్కడా పల్లె పెద్దలు ఆ పేదరాలి నోరు నొక్కారనే అనుకున్నాను. మేజిస్ట్రేటు గారు ఇద్దరి మాటా విని, ముందు ఫిర్యాది సాక్ష్యం రికార్డు చేద్దాం, గాయం సంగతి తేలాక రాజీ సంగతి చూద్దాం అన్నారు.

సాక్ష్యం రోజు ఉదయం ఫైలు తిరగేస్తుంటే కోర్టు కానిస్టేబుల్ బసవయ్య ఒక మాట చెప్పాడు. సాక్షుల్ని పిలిపించడం, మా ఫైళ్లు కోర్టు హాల్లోకి చేర్చడం అతని డ్యూటీ. ఆవిడ చాలా రోజులు గంప ఎత్తలేదటండీ, ఊళ్లో అనుకుంటున్నారు అన్నాడు. నాకు వెంటనే ఇరవై రోజుల క్లాజు తట్టింది. ఎక్స్‌రే లేకపోతేనేం? గంప ఎత్తలేని చేపలావిడ పని చేసుకోలేకపోయినట్టే. కత్తిపీట ఏ వైపుతో కొట్టినా కోసే ఆయుధమే. చార్జి మార్చమని కోరడానికి కావలసిన పిటిషను ఆ ఉదయమే రాసి, సంతకం పెట్టి, ఫైలు కింద ఉంచుకున్నాను.

నాంచారమ్మ బోనెక్కింది. నల్లటి బక్క మనిషి. కుడి మణికట్టు దగ్గర ఎముక కొద్దిగా వంకర తిరిగి ఉంది. ప్రమాణం చేసింది. కొట్లాట సంగతి ఎక్కడా పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది. తాను గంప లాగిన మాట కూడా దాచలేదు. నేను అసలు ప్రశ్నకు వచ్చాను. దెబ్బ తగిలాక గంప ఎన్నాళ్లు ఎత్తలేదు?

"నలభై రోజులండి," అంది.

నేను మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, దెబ్బ వల్ల నలభై రోజులు ఈమె తన పని చేసుకోలేకపోయింది అని రికార్డు చేయమని కోరాను. టైపిస్టు టకటకా కొట్టేశాడు. శేషగిరిరావు గారి ముఖం మారిపోయింది. నా ఆలోచన ఆయనకు అప్పుడు అర్థమైంది. ముద్దాయి స్థలంలో నిలబడ్డ తిరపతమ్మకు సెక్షన్లు తెలియవు కానీ, తన వకీలు ముఖం చూసి ఏదో మునిగిందని తెలిసింది. కటకటం గట్టిగా పట్టుకుంది.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయన చేయగలిగింది ఒక్కటే. వారం రోజుల్లోనే గంప ఎత్తావు కదమ్మా అని అడిగారు. అవును అంటే చాలు, తిరపతమ్మ బయటపడుతుంది. బయట అలా చెప్పమని ఆమెకు చెప్పే ఉంటారు. నాంచారమ్మ ఒకసారి తిరపతమ్మ వైపు చూసింది.

"లేదండి. నలభై రోజులూ ఎత్తలేదు. ప్రమాణం చేశాను కదండీ," అంది.

శేషగిరిరావు గారు ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నారు. నేను పిటిషను పైకి తీశాను. నిజం చెప్పిందన్న గౌరవం కలిగింది కానీ, గెలిచానన్న సంతోషమే ఎక్కువగా ఉంది. దాచుకోవడం దేనికి?

సాక్ష్యం ముగిశాక ఒక తంతు మిగులుతుంది. టైపు చేసినదాన్ని సాక్షికి ఆమె భాషలో చదివి వినిపించాలి. తప్పులుంటే సరిదిద్దుకునే హక్కు సాక్షికి ఉంది. ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, ఆచరణలో గుమాస్తా గడగడా చదివేవాడు, సాక్షి ఎటో చూస్తూ తల ఊపేవాడు, మేము తర్వాతి ఫైలు తీసుకునేవాళ్లం. ఆరేళ్లలో ఒక్క సాక్షి కూడా ఆ చదువుడును ఆపడం నేను చూడలేదు.

నాంచారమ్మ ఆపింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని గుమాస్తా తెలుగు చేసి, నలభై రోజులు నా పని నేను చేసుకోలేకపోయాను అని చదవగానే చెయ్యెత్తింది.

"అలా అనలేదండి నేను. గంప ఎత్తలేదన్నాను. పని మానలేదు."

రెండూ ఒకటేనమ్మా అని గుమాస్తా ముందుకు పోబోయాడు. మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టి, ఆగమన్నారు. ఏ సాక్షినైనా ఏ దశలోనైనా ప్రశ్నించే అధికారం కోర్టుకు ఉంది. ఆయన ఆ అధికారాన్ని ఎప్పుడో గానీ వాడేవారు కాదు. గంప ఎత్తకుండా పని ఎలా చేశావో చెప్పమని నింపాదిగా అడిగారు.

అప్పటిదాకా ఆమె చెప్పని సంగతి అప్పుడు బయటికి వచ్చింది. చెప్పకపోవడానికి కారణం భయం. పోలీసు కేసు ఉండగా పెద్దలు తీర్పు చెప్పారంటే వాళ్లనూ పట్టుకుపోతారని పల్లెలో అనుకున్నారు. అందుకే పోలీసులకు ఇచ్చిన వాఙ్మూలంలో ఆ ముక్క లేదు. దెబ్బ తగిలిన రెండో రోజు పల్లె పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఆ పల్లెలో ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఎవరు ఎవరి చెయ్యి పడగొడితే, ఆ చెయ్యి కోలుకునే దాకా దాని పని వాళ్లు చేయాలి. వేటలో ఒకడి చెయ్యి విరగ్గొట్టినవాడు వాడి వల తాను లాగాలి. ఇక్కడ తిరపతమ్మ నాంచారమ్మ గంప మోయాలి. తన వీధుల్లో కాదు, నాంచారమ్మ వీధుల్లో. వీధిలో ఉన్నంతసేపూ నోరు విప్పకూడదు.

"మొదటి రెండ్రోజులూ పడుకున్నానండి. మూడో రోజు నుంచీ వెళ్లాను. గంప దాని నెత్తిన, కేక నాది. మా ఇళ్లకి నా గొంతు తెలుసండి, దాని గొంతుకి ఎవరూ తలుపు తియ్యరు. బేరం నేనే ఆడాను. కోసింది అది. ఎలా కొయ్యాలో పక్కన కూర్చుని నేను చెప్పాను. కవళ్లు ఒక రకంగా కొయ్యాలి, కట్టపరిగెలు ఒక రకంగా కొయ్యాలి. ఒక్క పూట వాడుక తప్పలేదండి," అంది.

నేను ఊరుకోలేదు. తిరిగి ప్రశ్నించడానికి అనుమతి తీసుకుని లేచాను. చేపలు అమ్మేవాళ్ల పనిలో గంప మోయడమే ముఖ్యం కదా, ఆ బరువు ఇంకొకరు మోస్తే నువ్వు పని చేసినట్టు ఎలా అవుతుంది అని కొంచెం గట్టిగానే అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పొద్దున మీ ఫైళ్లు ఆ బసవయ్య గారు మోసుకొచ్చారు కదండీ. మీరు పని చెయ్యనట్టా?"

మేజిస్ట్రేటు గారు తల వంచి ఏదో రాసుకున్నారు. రాసుకోవలసింది ఏమీ లేదని నాకు తెలుసు. శేషగిరిరావు గారు మాత్రం దాపరికం లేకుండా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ప్రశ్నలు లేవని చెప్పి కూర్చున్నాను.

రెండో సాక్షి కమలాదేవి గారు. కోడూరులో టీచరు. కొట్లాట ఆమె ఇంటి ముందే జరిగింది. ఆ నలభై రోజుల సంగతి ఆమెనూ అడిగారు మేజిస్ట్రేటు గారు. ఇద్దరూ రోజూ కలిసే వచ్చేవారని ఆమె చెప్పారు. ముందు నాంచారమ్మ, రెండడుగుల వెనక ఆ అమ్మాయి. మొదటి రోజుల్లో వీధిలో వాళ్లు కావాలనే ఆ అమ్మాయిని ఏదో ఒకటి అడిగేవారట. ఆమె తల వంచుకుని నిలబడేది తప్ప పెదవి విప్పేది కాదు. "నాకే చూడబుద్ధయ్యేది కాదండి," అన్నారు టీచరు గారు. ఒకరోజు వాన పడితే, నాంచారమ్మ కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో ప్లాస్టిక్ పట్టా ఎత్తి ఆ అమ్మాయి తల మీద, గంప మీద పట్టుకుని నడిచిందని కూడా చెప్పారు. ఇది కేసుకు సంబంధం లేని సంగతి. మేజిస్ట్రేటు గారు అయినా రికార్డు చేయించారు.

ఇక రాజీ పిటిషను మిగిలింది. అనుమతి ఇచ్చే ముందు కోర్టు ఇద్దరినీ అడగాలి. ఇష్టపూర్వకంగానే కదా అని నాంచారమ్మను అడిగితే, పెద్దలు చెప్పిన రోజున తనకు ఇష్టం లేదని, జైలుకు పంపాలనే ఉండేదని నిజమే చెప్పింది. ఇప్పుడు మాత్రం ఇష్టమేనంది. ఎందుకు మారావని ఆయన అడిగారు. చెప్పుకునేంతది ఏం లేదండి అంది నాంచారమ్మ.

జవాబు ముద్దాయి స్థలం నుంచి వచ్చింది. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని తిరపతమ్మ, అయ్యగారూ నేను చెప్పొచ్చాండీ అని అడిగింది. శేషగిరిరావు గారు కంగారుగా వద్దని చెయ్యి ఊపారు. మేజిస్ట్రేటు గారు చెప్పమన్నారు.

"ఆఖరి వారం కేక నన్నే వెయ్యమందండి అత్త. నాకు పెద్దలు మాట్లాడద్దన్నారు కదా అంటే, వాళ్లకి నేను చెప్పుకుంటాలే, నువ్వు కేకెయ్యి అంది. నా గొంతు ఆ ఇళ్లకి అలవాటవ్వాలని అండి. చెయ్యి బాగయ్యాక గంప తను తీసుకుని, తన నాలుగు వీధుల్లో రెండు నాకు ఇచ్చేసింది. ఇప్పుడు అవి నావేనండి," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాంచారమ్మ ఆమె వైపు చూడలేదు. చెయ్యి నెప్పి తగ్గాక కూడా నాలుగు వీధులూ తిరిగే ఓపిక లేదండి నాకు అని మాత్రం మేజిస్ట్రేటు గారితో అంది. అది అబద్ధమని హాల్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆమె చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అదే. అప్పటికి ప్రశ్నలు అయిపోయాయి కనుక అది రికార్డులోకి ఎక్కలేదు.

మొండి ప్రాసిక్యూటరు అయితే అక్కడ కూడా పట్టు దొరకబుచ్చుకోవచ్చు. ఆఖరి వారం కేక కూడా నాంచారమ్మది కాదు కదా. నేను మనసులో లెక్క వేశాను. పడుకున్న రెండు రోజులు, ఆఖరి ఏడు రోజులు. తొమ్మిది ఇరవై కావు. లేచి, చార్జి మార్చమని కోరడం లేదని, రాజీకి నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ లెక్క ఇరవైకి చేరినా అదే మాట చెప్పేవాణ్ని. ఉద్యోగధర్మం ప్రకారం అది తప్పు. ఆ పరీక్ష నాకు రాలేదు కనుక సంతోషించాను.

గాయం తీవ్రమైనదని రుజువు కాలేదని రాసి, 324 కింద రాజీకి అనుమతి ఇస్తూ మేజిస్ట్రేటు గారు ఉత్తర్వు చదివారు. రాజీ పడితే చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. ఇద్దరూ మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. ఎవరూ ఎవరికీ దండాలు పెట్టలేదు. ఆ రోజుకు చేపలు పోయలేకపోయామని మెట్లు దిగుతూ నాంచారమ్మ విసుక్కోవడం మాత్రం విన్నాను.

నేను ఎంతోమంది సాక్షులను చూశాను. చదువుకున్నవాళ్లు, పదవుల్లో ఉన్నవాళ్లు ప్రమాణం చేసి ఏదో ఒక వైపుకు ఒరిగారు. నాంచారమ్మకు ఆ రోజు ఒరగడానికి మంచి కారణమే ఉంది. ఒక్క అవును అంటే, తాను కాపాడాలనుకున్న మనిషి బయటపడేది. అయినా అనలేదు. అలా అని నేను రాయించిన మాటను కూడా ఒప్పుకోలేదు. ఇద్దరు వకీళ్లు చెరో వైపు లాగుతుంటే జరిగింది జరిగినట్టు చెప్పి నిలబడింది. ఆమెను నేను మెచ్చుకున్నాను, ఇప్పటికీ మెచ్చుకుంటున్నాను. నోరు మూసుకుని నలభై రోజులు ఆ వీధుల్లో గంప మోసిన తిరపతమ్మను కూడా. నేను అడగబోయిన జైలు అంతకన్నా తేలిక అయి ఉండేదేమో.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. సాక్ష్యం చదివి వినిపించేటప్పుడు తర్వాతి ఫైలు ముట్టుకోవడం మానేశాను. అర్థం కాని సాక్షి ఉంటే మళ్లీ చదవమని గుమాస్తాలను విసిగించాను. రెండోది, ఇరవై రోజుల క్లాజు వచ్చిన ప్రతి కేసులో సాక్షిని ఎన్నాళ్లు పని చేయలేదని మొదట అడగలేదు. మీ పనిలో ఏమేం ఉంటాయో పొద్దున లేచిన దగ్గర్నుంచీ వరసగా చెప్పమని అడిగాను. కొన్నేళ్ల తర్వాత కూచిపూడి వైపు నుంచి వచ్చిన ఒక మృదంగం వాయించే ఆయన కేసులో, చిటికెనవేలి మీది చిన్న దెబ్బ అని డాక్టరు రాసిన గాయం ఈ ఒక్క ప్రశ్న వల్ల తీవ్ర గాయంగా రుజువైంది. ఇంకో రెండు కేసులు ఇదే ప్రశ్న వల్ల నా చేతిలో వీగిపోయాయి. మూడూ సరిగ్గానే తేలాయి. మనిషి పని ఏమిటో ఆ మనిషే చెప్పాలి, మనం అనుకున్నది రాయించకూడదు. బందరులో రిటైరయ్యే దాకా ఈ పద్ధతి మార్చుకోలేదు.